నడుము మీద దాచిన సర్పి

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నాకు అక్షరాలు అంతంతమాత్రం. నోటితో చెబుతున్నాను, ఫోను రాసుకుంటోంది. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకైతేనే చెప్పగలను.

మా ఆయన చనిపోయిన ఏడాది, నన్ను కాస్త మనుషుల్లో పడేద్దామని మా అబ్బాయి అందరికీ ఓడలో షికారు బుక్ చేశాడు. అమెరికాలో, ఫ్రిస్కో అనే ఊళ్లో వాళ్లింట్లోనే ఉంటాను. ఓడెక్కడానికి రెండు వారాల ముందు నాకు నడుము పక్కన సర్పి లేచింది. నీటి పొక్కులు, నిప్పు పెట్టినట్టు మంట. ఎవరికీ చెప్పలేదు. పసుపూ నెయ్యీ రాసుకుని, పైన చీర బిగించి కట్టాను. మనవరాలిని రెండో పక్కన ఎత్తుకునేదాన్ని. పొక్కుల తడి తుడుచుకున్న చెంగునే ఆ పసిది నోట్లో పెట్టుకుని చప్పరించేది.

ఓడలో పిల్లకు జ్వరం వచ్చింది, ఒంటినిండా పొక్కులు లేచాయి. డాక్టరు చికెన్‌పాక్స్ అన్నాడు. మనం అమ్మవారంటామే, అదే. దానికింకా ఏడాది నిండలేదు, టీకా పడలేదు. పిల్లనీ, కోడలినీ, నన్నూ కిటికీ లేని గదిలో పెట్టి తలుపు దాటొద్దన్నారు. పగలో రాత్రో తెలిసేది కాదు. దాని ఏడుపు గోడలకు కొట్టుకుని మళ్లీ నా మీదికే వచ్చేది.

డాక్టరు ఏదో అడిగాడు. కోడలు నావైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా సర్పి వచ్చిందా అంటున్నారు. దాన్నుంచి కూడా పిల్లలకిది అంటుకుంటుందట. మీకేమైనా..."

"నాకెందుకొస్తుందే? డేకేర్‌లో అంతమంది పిల్లల మధ్య పడేసి ఉద్యోగానికి పోతావు. అక్కడ అడుగు."

కోడలు మంచం అంచున కూర్చుని, బిడ్డ పాదాలు పట్టుకుని ఏడ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను. అదే గదిలో. ఎక్కడికి పోను?

అంటుకుంటుందని నాకు తెలియదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలియకపోతే ఎందుకు దాచాను? చెబితే పిల్లని నా చేతికివ్వరు, అదీ భయం. ఆయన పోయాక ఆ ఇంట్లో నన్ను చూసి చేతులు చాచేది అదొక్కతే.

పిల్ల కోలుకుంది. కోడలు ఉద్యోగం మానేసింది, మళ్లీ పోలేదు. ఇప్పటికీ జడ వేస్తూ దాని నుదుటి మీది గుంటను వేలితో తడుముతుంది. "నావల్లే" అంటుంది. నేను వంటింట్లోంచి వింటాను.

నీవల్ల కాదమ్మా. నావల్ల.

ఇది తనకు వినిపిస్తానో లేదో తెలియదు. క్షమించమని అడిగే మొహం లేదు. నా నడుము మీద మచ్చ అలాగే ఉంది. ఇవాళ చీర కాస్త వదులుగా కట్టుకున్నాను.