నీళ్ల బిందె పక్కన సీసా

మా అవ్వ చౌడమ్మ కర్నూలులో ఒక ఆసుపత్రిలో నేలలు తుడుస్తుంది. కుదురుగా కూర్చోవడం ఆమెకు చేతకాదు. మొన్న పనివాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒక సారు జాగ్రత్తలు చెప్పాడు. గ్లౌజులు, బూట్లు అంటున్నంతసేపూ అవ్వ మెటికలు విరుచుకుంటూ కూర్చుందట. "యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టొద్దు" అనగానే దిగ్గున లేచింది.

ముందురోజే ఇంటి మరుగుదొడ్డి కోసం అలాంటి సీసాలోనే యాసిడ్ తెచ్చి నీళ్ల బిందె పక్కన పెట్టింది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఫోను చేస్తే ఎత్తలేదు, నిద్రపోతున్నాను.

హాలు బయట విడిచిన చెప్పులు కూడా మరిచి ఆటో ఎక్కి వచ్చేసింది. నన్ను లేపి, దవడలు నొక్కి నోరు తెరిపించింది.

"తాగితివేమే? చెప్పు!"

"దాన్ని ఎవరు తాగుతారవ్వా? గాడిద ఉచ్చ మాదిరి ఉండాది."

వీపు మీద ఒక్కటిచ్చి అక్కడే కూలబడింది. చేతులు మాత్రం నా జుట్టును దువ్వుతూనే ఉన్నాయి.

మరునాడు ఖాళీ సీసా తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టింది.

"ఇది ముందు చెప్పల్ల సారూ. బూట్లు యాడికీ పోవు."