గీత పడని హెల్మెట్

మా పిల్లోడు పోయిన మరుసటి రోజు పేపర్లో నాలుగు వరుసలు వేశారు. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. ఆసుపత్రి మంచం మీద, కట్టు లేని చేత్తో పేపరు పట్టుకుని కూడబలుక్కుని చదివాను. ఐరాల దగ్గర స్పోర్ట్స్ బైకు అదుపు తప్పి యువకుడు చనిపోయాడని, వెనక కూర్చున్న తల్లికి చెయ్యి విరిగిందని, వాడి తలకు హెల్మెట్ లేదని రాశారు. చివరి వరుసలో అతివేగమే కారణమని ఉంది. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. అది నిజం కాదు. కాదని తెలిసింది నాకు ఒక్కదానికే. తెలిసీ పేపరు మడిచి తలగడ కింద పెట్టుకున్నాను.

చదివే మీకు వాడెవరో తెలియదు. తెలిసినవాళ్లందరూ వాణ్ణి స్పీడుకు పోయినవాడిగానే గుర్తుపెట్టుకున్నారు. అందుకని వాడు ఆ బండి ఎట్లా నేర్చుకున్నాడో ముందు చెబుతాను. ఎట్లా పోయాడో తర్వాత చెబుతాను. రెండోది చెప్పేటప్పుడు నాకు తల ఎత్తుకోవాలని ఉండదు. అయినా చెబుతాను.

మేముండేది తిరుపతిలో. వాళ్ల నాయన పోయి పదేళ్లయింది. నేను పూలు కట్టి అమ్ముతాను. వాడు రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయేవాడు. మీసాలు రాని వయసు నుంచి వాడికి పెద్ద బండి మీద ఆశ. ఆరేళ్లు కూడబెట్టి, మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన ఎర్ర స్పోర్ట్స్ బైకు కొన్నాడు. కొన్నవాడెవడైనా దాని మీద ఎక్కి బర్రుమని వీధిలోకి వస్తాడు. మా వాడు చిన్న లారీలో తాళ్లతో కట్టించి తెచ్చాడు. తను డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు. వీధి వీధంతా బయటికొచ్చి నవ్వింది.

“ఏం రా, గుర్రానికి జొరమొచ్చిందా? లారీలో ఏసుకోనొచ్చినావు?” అని ఎదురింటామె అడిగింది.

“గుర్రం బాగానే ఉండాది పెద్దమ్మా. నాకే దీన్ని తోలేది ఇంగా రాదు” అన్నాడు వాడు, నవ్వుతూనే.

ఆ పొద్దు సిగ్గుపడింది నేను. అంత పెద్ద బండి కొన్న కొడుకు, తోలడం రాదని నడివీధిలో చెప్పుకుంటాడా అని. “గమ్మున లోపలికి రారా” అని చొక్కా పట్టి లాగాను. లోపలికి వచ్చాక వాడు ఒక మాట అన్నాడు. “ఇంతకుముందు తోలిన బండ్లు వేరే మా. ఇది పెద్దది కాదు, నేనే దీనికి చిన్నోణ్ణి. రొన్నాళ్లు పెరగల్ల.”

వాడికి నేర్పింది బైపాసు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్. మా వాడు మేస్త్రీ అని పిలిచేవాడు, నాకూ అదే అలవాటయింది. ఆయన మొదటి రోజే చెప్పాడట: “పోయేది బండికే వచ్చురా. నిలిపేది నువ్వు నేర్చుకోవల్ల.” పొద్దున్నే షిఫ్టుకు ముందు ఇద్దరూ ఊరి బయట ఖాళీ గ్రౌండుకు పోయేవాళ్లు. ఆ రోజుల్లోనే నా ముగ్గుపిండి డబ్బా తెల్లారేసరికి సగమవుతూ ఉండేది. పందికొక్కులేమైనా తింటున్నాయా అనుకున్నాను. ఒక రోజు వాడి వెనకాలే పోయి చూస్తే, గ్రౌండులో నా పిండితో అడ్డంగా రెండు గీతలు. మొదటి గీత మీద బ్రేకు పట్టాలి, రెండో గీత లోపల బండి నిలబడాలి. వాడు పట్టాడు. ముందు చక్రం రెండో గీత మీద జానెడు దాటింది.

“మీ అమ్మేసిన ముగ్గు తొక్కినావు కదరా! దిగు, మళ్లీ పో” అన్నాడు మేస్త్రి.

“అన్నా, ఆ ముగ్గేసింది నేను కాదు, ఆ గీత సూడు ఎంత వంకరో” అన్నాను నేను. డబ్బా అందుకుని రెండో గీత మళ్లీ తిన్నగా పోశాను. ఆ రోజు వాడు పద్దెనిమిది సార్లు తొక్కాడు, పంతొమ్మిదోసారి చక్రం గీతకు వేలెడు ముందు ఆగింది. కాలు కింద పెట్టి నా వైపు చూశాడు. బడిలో ఎప్పుడూ వాడు నా వైపు అట్లా చూసే పని పడలేదు.

సాయంత్రాలు ఎడమ చెయ్యి నొప్పి అని తెచ్చి నా ఒళ్లో పెట్టేవాడు. క్లచ్చు అంత బిరుసు. కొబ్బరినూనె రాసేదాన్ని. వాళ్ల నాయన పోయాక నేను పెట్టుకోవడం మానేసిన బొట్టుబిళ్లల అట్ట అద్దానికి వెనకాల ఉండేది. అందులోంచి ఒకటి పీకి, ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చూపే మీటరు అద్దం మీద నాలుగో అంకె దగ్గర అంటించాడు. ముల్లు ఆ బొట్టు దాటకూడదని మేస్త్రి హద్దు. మూడు నెలలకు అయిదు దగ్గరికి జరిపాడు. ఏడాదికి ఆరు. అంకెలు ఇంకా పైకి చాలానే ఉన్నాయి. “మిగిలినవి ఏంటికిరా మరి?” అంటే “ఉండనీ మా, యాడికి పోతాయి” అన్నాడు.

ఆ బండి వెనక సీటు చూసి నేను ఇది సీటా ఇడ్లీ రేకా అని అడిగాను. చీర కట్టుకుని అంత ఎత్తు ఎక్కడానికి ఎదురింటామె నన్ను కింద నుంచి ఎత్తాల్సి వచ్చింది. నాకని వాడు వేరే హెల్మెట్ తెచ్చాడు. ఎక్కిన ప్రతిసారీ గడ్డం కింద పట్టీ తానే పెట్టి, పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు దూర్చి చూసేవాడు. “రెండు వేళ్లు పట్టల్ల. మూడు పడితే ఊడిపోతాది, ఒగటి పడితే నువ్వు నన్ను తిట్టలేవు” అనేవాడు. కూరగాయలకు పక్క వీధికి పోయినా అంతే. ఇది వాడి అలవాటు. గుర్తుపెట్టుకోండి.

ఐరాల నా పుట్టిల్లు. అక్కడ మా అన్న ఉన్నాడు. బండి సంగతి తెలిసిన రోజే ఫోన్ చేసి, “ఆ బండి వాణ్ణి మింగుతాది సూడు” అన్నాడు. ఆ మాట నాకు ముల్లులాగా దిగింది. కొండ వైపు తిరిగి మొక్కుకున్నాను. ఏడాది పొడుగునా వాడి ఒంటి మీద గీత పడకుండా చూస్తే వాడి తలనీలాలు ఇస్తానని. ఏడాది గడిచింది. గీత పడలేదు. మొక్కు తీర్చుకుని, ఆ గుండుతోనే వాణ్ణి తీసుకుపోయి మా అన్న ఎదురుగా నిలబెట్టాలని నా మనసులో ఉండేది. భక్తి ఎంతో, ఆ పంతమూ అంతే.

కొండకు బస్సులోనే పోయాం. “ఘాట్ రోడ్డు మలుపులకు నేనింగా చాలను మా” అన్నాడు. గుండు చేయించుకుని వస్తే చెవులు పెద్దవిగా, అయిదేళ్ల పిల్లాడిలాగా కనిపించాడు. నేనే తల నిండా గంధం పూశాను. కిందికి దిగి ఇంటికొచ్చి ఐరాలకు బయల్దేరేటప్పుడు వాడు గుండు మీద తువ్వాలు కట్టి దాని మీద హెల్మెట్ పెట్టాడు.

“గంధమంతా పోతాది కదరా.”

“గంధం మళ్లీ పూసుకోవచ్చు మా.”

దారంతా నెమ్మదిగానే తోలాడు. లారీలు, ఆటోలు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. కాణిపాకంలో దిగి దండం పెట్టుకున్నాం. అబద్ధమాడితే ఊరుకోడని మా వైపు అందరూ ప్రమాణాలు చేసే దేవుడాయన. ఆ గుడి బయటే, పొట్లంలో మిగిలిన గంధం కలిపి వాడి తలకు మళ్లీ పూశాను. వాడు హెల్మెట్ అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాను.

“ఇంగెంత దూరంరా, ఊరొచ్చేసె. ఆ కుండ నెత్తిన పెడితే మళ్లీ చెరిగిపోతాది. మీ మామ చూడల్ల.”

“వద్దు మా. మేస్త్రికి తెలిస్తే తంతాడు.”

“మేస్త్రి ఈడుండాడా? స్వామి గంధం కంటే ఆ కుండ కాపాడుతాదా నిన్ను?”

ఆ మాట నేనన్నాను. ఈ నోటితోనే అన్నాను. వాడు నా ముచ్చట కాదనలేకపోయాడు. “సరే, నువ్వే పట్టుకో. నీది మాత్రం తియ్యగూడదు” అని నా పట్టీలో రెండు వేళ్లు దూర్చి చూసి బండి ఎక్కాడు. వాడి హెల్మెట్ నా ఒళ్లో ఉంది.

ఐరాల ఇంకా రాకముందు రోడ్డు మీద కాయలతో సహా పీకి ఎండబెట్టిన ఉలవ కట్టె పరిచి ఉంది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని మా వైపు అట్లా పరుస్తారు. వాడు దూరం నుంచే చూసి బండి బాగా తగ్గించాడు. నడిచే మనిషి మమ్మల్ని దాటిపోగలడు, అంత నెమ్మది. కట్టె తిరగేస్తున్న ముసలామె వెనక్కి చూసుకోకుండా అడ్డం వచ్చింది. వాడు బ్రేకు పట్టాడు. ఎండిన కట్టె కింద చక్రం సబ్బు మీద కాలులాగా జారింది. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు బండి ఒరిగింది. రోడ్డు పక్క కల్వర్టు రాతి గట్టు ఉంది. వాడి తల దానికి తగిలింది. అంతే. ముసలామెకు ఏమీ కాలేదు, బండి ఎంత నెమ్మదిగా వచ్చిందో ఆమె చూడనూ లేదు. ఆమెను నేనేమీ అనలేను, మా ఇంట్లో మేమూ అట్లానే పరిచేవాళ్లం. నేను మట్టి మీద పడ్డాను. పడేటప్పుడు కూడా వాడి హెల్మెట్ కింద పడకూడదని రెండు చేతులతో గుండెకు అదుముకున్నానట. అందుకే చెయ్యి విరిగింది.

తర్వాత అందరూ వచ్చారు. గుండు చూపించుకోవాలని స్టైలుకు హెల్మెట్ తీసేసి అమ్మ చేతికిచ్చినాడని ఒకరన్నారు. మా అన్న తల కొట్టుకుని ఏడ్చాడు. “నేను ఆ పొద్దే చెప్పినా కదా పాపా, మింగుతాదని! ఎంత స్పీడుగా వచ్చినాడో ఏమో!” అన్నాడు. నేను తల ఊపాను.

పదకొండో రోజు మేస్త్రి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. “అమ్మా, ఒగటే అడగతాను. స్పీడుగా పోయినాడా?”

నిజం నాలుక మీదే ఉంది. “అవునన్నా” అన్నాను.

ఆయన అట్నుంచి అటే వెనక్కి తిరిగి పోయాడు. ఆ తర్వాత నేర్చుకుంటామని వచ్చినవాళ్లను వెనక్కి పంపించేస్తున్నాడని విన్నాను. ఏడాది చెప్పినా వాడే వినలేదు, ఇంక నా మాట ఎవరు వింటారు అన్నాడట. నా కొడుకు ఒక్క రోజు కూడా ఆయన మాట దాటలేదు. దాటించింది నేను. ఆ సంగతి కడుపులో పెట్టుకుని పూలు కట్టాను, అన్నం తిన్నాను.

నలభై రోజులయ్యాక పోలీసులు వదిలిన బండిని ఆయన షెడ్డుకే చేర్చారు. మరుసటి రోజు ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

“బొట్టు ఆడనే ఉండాదమ్మా, ఆరు మీద. బండి ఒగటో గేర్లో ఉండాది. స్పీడుగా పోయి పడిన బండి ఒళ్లంతా గీరుకోని ఉండల్ల. దీనికి ఒగ అద్దం ఇరిగింది, అంతే. నాకు అర్థం కాలా. నువ్వెందుకమ్మా అట్ల చెప్పినావు?”

నేను లోపలికి పోయి హెల్మెట్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన తిప్పి తిప్పి చూశాడు.

“దీనికి గీత గూడా పడలేదే?”

“నా ఒళ్లో ఉండిందన్నా. వాడు వద్దన్నాడు. గంధం చెరిగిపోతాదని నేనే తీపించినా.”

“ఇన్ని దినాలూ వాణ్ణి తిట్టుకుంటా ఉండానమ్మా” అన్నాడు. నన్ను తిట్టలేదు. ఓదార్చనూ లేదు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. హెల్మెట్ పట్టీ పెట్టి, అలవాటుగా రెండు వేళ్లు దూర్చి చూసి, తీసేసి, నా చేతికి ఇచ్చి పోయాడు.

ఆ సాయంత్రమే మా అన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. చివరికి, “ఇంగెవురికీ చెప్పొద్దు పాపా. పోయినోడు ఎట్లాగూ పోయినాడు, నువ్వు బతకల్ల గదా” అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. వాడి మీద పడ్డ మాట వాడి మీదే ఉండిపోతుందని ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఇది రాయడానికి కాగితం తెప్పించుకున్నాను.

మా వాడు స్పీడుగా పోలేదు. ఆ రోజు కూడా వాడు నేర్చుకున్నట్టే తోలాడు, నేర్చుకున్నట్టే నిలపబోయాడు. తప్పు వాళ్ల అమ్మది.

హెల్మెట్ ఇప్పుడు కిటికీ గూట్లో ఉంది. దుమ్ము పడుతోందని నిన్న తుడవడానికి బోర్లించాను. లోపల నుదురు ఆనే చోట మెత్తకు, తువ్వాలు దాటి దిగిన గంధం అంటుకుని ఎండిపోయి ఉంది. వాడి జుట్టంతా కొండ మీద ఇచ్చి వచ్చానా, ఆ గంధం మరక పక్కనే పాతవి రెండు వెంట్రుకలు మెత్తను పట్టుకుని ఉన్నాయి. తడిగుడ్డ పట్టుకున్నదాన్ని, అది ఆరిపోయేదాకా అట్లానే కూర్చున్నాను.