చక్కెర తగువు

నా మెడ పక్కన గడ్డ లింఫోమా క్యాన్సర్ అని తేలిన వారంలోనే మా అత్త చక్కెర డబ్బా, బెల్లం అచ్చులు బీరువాలో పెట్టి తాళం వేసింది.

నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు కాబట్టి చాన్నాళ్లు పట్టించుకోలేదు. పుంగనూరులో మా విత్తనాల అంగట్లో కూర్చుని, రైతులకు టమాటా విత్తనాలు అమ్ముకుంటూ, దాని మీద కొంగు కప్పుకుని తిరిగాను.

"క్యాన్సర్‌కు చక్కెరే తిండంట. ఫోన్లో సూపించినారు. నువ్వు తింటే అది బలిసిపోతాది," అనింది అత్త.

నా మంచి కోరే అనింది. కానీ మదనపల్లెలో కీమో ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో నోరంతా తుప్పు రుచి. అన్నం దిగదు. తీపి కాఫీ ఒక్కటే దిగేది, అదీ పోయింది. "మీకు షుగర్ జబ్బు లేదు. ఏది దిగితే అది తినండి, బరువు తగ్గకూడదు," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట ఇంట్లో చెప్తే, "ఆయమ్మకేం, సెప్పేసి పోతాది," అనింది అత్త. మా ఆయన ఎటూ మాట్లాడలేదు. ఆయన మౌనం మీద నాకు గడ్డ మీదకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

మా చెల్లెలు కుప్పంలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. లింఫోమా మీదే దాని పరిశోధన, నాకు జబ్బు రాకముందు నుంచీ. డాక్టరమ్మ సరేనన్నాక, మాస్కు పెట్టుకుని, పలమనేరు మీదుగా బస్సులో పోయాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు.

"చక్కెరకూ దీనికీ నిజంగా సంబంధం ఉండాదా?" అని నేరుగా అడిగాను.

"ఉండాదిక్కా. కానీ అత్త సెప్పే సంబంధం కాదు," అనింది. "ప్రతి కణం పైనా సన్నటి చక్కెర గొలుసులు ఉంటాయి. కణమే వాటిని తయారు చేసుకుంటాది. నువ్వు కాఫీ మానేస్తే అవి రాలిపోవు. ఆ గొలుసుల్ని పట్టుకునే ప్రోటీన్లు ఉండాయి, గెలెక్టిన్లంటారు. ఒక రకం వచ్చి పట్టుకుంటే కొన్ని కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. ఇంకో రకం అదే గొలుసును పట్టుకుని, చావాల్సిన క్యాన్సర్ కణాన్ని చావనీకుండా కాపాడతాది."

"శత్రువుకు కాపలానా?"

"అట్లనే అనుకో. ఆ పట్టు విడిపిస్తే మందు ఇంకా బాగా పనిచేస్తాదా అని సూస్తాండాము. ఇది ఇంకా గాజు పళ్లెంలో పనేక్కా. నీకు ఇచ్చే మందు కాదు. ఆశ పెట్టుకోవద్దు."

మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గుండ్రంగా, తేటగా, సగ్గుబియ్యం గింజల మాదిరి కణాలు. చచ్చినవి మాత్రం చెల్లెలు వేసిన రంగు తాగి నీలంగా ఉన్నాయి. నా ఒంట్లోవి కావు, అదే జాతివి. భయం వేస్తుందనుకున్నాను, వేయలేదు. నీలంగా మారిన ఒక్కోదాన్నీ చూస్తూ, "సావండి, బాగా సావండి," అన్నాను. చెల్లెలు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాతి నెలలో మదనపల్లెలో మా మరిది గృహప్రవేశం. జుట్టంతా రాలిపోయింది. కొంగు కప్పుకోమన్నారు, కప్పుకోలేదు. బంతిలో అందరికీ బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డించుకుంటూ వచ్చారు. నా దగ్గరకు రాగానే అత్త నా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దానికి వద్దు."

"ఎయ్యప్పా," అన్నాను వడ్డించే ఆయనతో. "చెయ్యి తీ అత్తా. ఈ జబ్బు నాది. తినేది నేను, కీమో ఎక్కించుకునేదీ నేనే."

వడ్డించే ఆయన అత్త చేతి పక్కగా ఒకటి వేశాడు. అప్పుడు మా ఆయన లేచి, తన ఆకులో ఓళిగ తీసి నా ఆకులో వేశాడు. "తిననీమ్మా, తిననీ," అన్నాడు వాళ్లమ్మతో. నెయ్యి కారుతుండగా రెండూ తిన్నాను. నోట్లో తుప్పు రుచి పోలేదు. అయినా తిన్నాను.

కీమో అయిపోయాక స్కాన్‌లో గడ్డ కనిపించలేదు. మళ్లీ రాదని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అంగట్లో మళ్లీ నా కుర్చీ వేయించుకున్నాను. కుప్పంలో మా చెల్లెలి పని ఇంకా తేలలేదు. ఒక ప్రయోగం కుదిరితే ఇంకొకటి తప్పుతుందట.

మా అత్త మాత్రం వచ్చిన ప్రతి చుట్టానికీ, "చక్కెర మాన్పించినాను, అందుకే నయమయింది," అని చెప్తానే ఉంది. చుట్టం ఎదుటే, కాదని నేనూ చెప్తానే ఉన్నాను.