సూదిలో దారం ఎక్కితేనే డిస్కు

మా పిన్ని గాల్లో ఎగిరే నిప్పురవ్వను రెండు వేళ్ళతో పట్టుకుని, "ఎక్కడికే బయల్దేరావు?" అని చెవి మెలిపెట్టి, వచ్చిన దారినే వెనక్కి పంపించేస్తుంది. నమ్మకపోతే నష్టం మీదే. ఆమె నడిచి వస్తుంటే ఇనుము కోసే మిషన్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకుంటాయి.

పిన్ని అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల కమ్మీలు తయారుచేసే షెడ్డులో స్టోర్ రూమ్ చూసుకుంటుంది. అక్కడ అందరికీ ఆమె పిన్నే. నన్ను అక్కడ గ్రైండింగ్ పనిలో పెట్టించింది కూడా ఆమే. నేను డిగ్రీ మధ్యలో మానేశాను. మానేసిన సంగతి కాలేజీవాళ్ళకు ఇప్పటికీ తెలిసినట్టు లేదు. అది వాళ్ళ ఖర్మ. నేను తోమిన గేటు ముందు నిలబడి జనం గడ్డాలు గీసుకుంటారు, అద్దం అక్కర్లేదు. సరే, ఈ కథ నాది కాదు కాబట్టి అక్కడితో ఆపుతున్నాను.

స్టోరుకు రాకముందు పిన్ని చాలా ఏళ్ళు బట్టలు కుట్టింది. రెడీమేడ్ బట్టలు వచ్చిపడి కుట్టుపని సన్నగిల్లాక, మెడలో టేపు తీయకుండానే షెడ్డులో చేరింది. చేరగానే ఆమె కంటపడింది గాగుల్స్ పెట్టె. సగం గాగుల్స్ కవరు కూడా విప్పకుండా దుమ్ము పట్టి ఉన్నాయి. మిగతా సగం మా నెత్తిమీదా మెడల్లోనూ ఉన్నాయి. కళ్ళమీద తప్ప అన్నిచోట్లా ఉన్నాయన్నమాట.

"ఎందుకురా పెట్టుకోరు?" అని అడిగింది.

"జారిపోతాయి పిన్నీ," అన్నాడొకడు. "నొక్కేస్తాయి," అన్నాడు ఇంకొకడు. "ఆవిరి పట్టి ఏమీ కనబడదు," అన్నాను నేను.

"కొలత లేకుండా కుట్టిన చొక్కా ఎవడు తొడుక్కుంటాడులే," అంటూ మెడలోంచి టేపు తీసింది.

ఆ రోజు మా ముఖాలన్నిటికీ కొలతలు తీసింది. కణత నుంచి కణతకు, ముక్కు మొదలు దగ్గర, తల చుట్టూ. నా వంతు వచ్చినప్పుడు టేపు చూసి, "దీనికి గుడ్డ ఎక్కువ పడుతుంది" అంది. వరసంతా నవ్వింది. తర్వాత సాగిపోయిన పట్టీలు పీకేసి, ఎవరి తలకు తగ్గ ఎలాస్టిక్ వాళ్ళకు కుట్టింది. గాలి ఆడే రంధ్రాల్లో పేరుకున్న మట్టిని పాత బ్రష్షుతో తోమేసింది. ఆవిరి గొడవ సగం దాంతోనే తీరింది.

ఇక సూది సంగతి. పొద్దున స్టోర్ కిటికీ దగ్గర వరసలో నిలబడాలి. గాగుల్స్ పెట్టుకోవాలి. పిన్ని ఒక సూది, దారం పోగు ఇస్తుంది. దారం ఎక్కిస్తే గ్రైండర్ డిస్కో, వెల్డింగ్ రాడ్లో చేతికొస్తాయి. ఎక్కకపోతే అద్దానికి గీతలు పడ్డాయని లెక్క. ఆమె కొత్తది బిగిస్తుంది, మళ్ళీ ఎక్కించాలి. గీతల అద్దం పెట్టుకున్నవాడు పని కనబడక దాన్ని నెత్తిమీదికి నెట్టేస్తాడనీ, నెట్టకముందే పట్టుకోవాలనీ ఆమె సిద్ధాంతం.

సూపర్‌వైజర్ గారు మొదట్లో గొణిగారు. "ఇది షెడ్డా, కుట్టు క్లాసా?"

"మీరూ రండి సార్, బొత్తాం కుట్టడం కూడా నేర్పిస్తాను," అంది పిన్ని.

ఇప్పుడు మా బావ దగ్గరికొద్దాం. మా అక్క మొగుడు, షెడ్డులో పేరున్న వెల్డరు. ఆయన వేసిన అతుకు మీద చీమ నడిస్తే జారిపడుతుంది. నేను చూశాను, దానికి కాలు విరిగింది. అలాంటి మనిషి సూది దగ్గరికొచ్చేసరికి కొంతకాలంగా నత్తి పట్టినవాడిలా తడబడేవాడు. వరసలో అందరికంటే వెనక నిలబడేవాడు. పిన్నికి సగం వీపు తిప్పి ఎక్కించేవాడు. అయినా ఎక్కేది. ఎలా ఎక్కేదంటే, దారం ఎక్కించి పెట్టుకున్న సూది ఒకటి ఆయన చొక్కా కాలరు మడతలో ఉండేది. పిన్ని ఇచ్చినది అరచేతిలో దాచి, కాలర్లోది చూపించేవాడు. ఇంద్రజాలికులు మా బావ ముందు దిగదుడుపే.

ఒకరోజు పిన్ని ఆ సూదిని చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. వరసంతా అక్కడే ఉంది. "అల్లుడుగారూ, మీ అద్దం మార్చాలి. ఇవాళ్టికి పైపులు కొలిచి పెట్టండి. సాయంత్రం వెళ్ళేముందు ఒకసారి కనబడండి," అంది. రాడ్లు ఇవ్వలేదు.

సాయంత్రం బావ బండి మీదే నేనూ ఇంటికి వెళ్ళాలి కాబట్టి స్టోరులో ఒక పక్కన కూర్చున్నాను. బావ అరచేతిలో దాచిన సూదిని కూడా అడిగి తీసుకుని, పిన్ని రెండు సూదులూ బల్లమీద పెట్టింది.

"నేనిచ్చింది నల్లదారం. మీరు చూపించింది తెల్లదారం. నా గాగుల్స్ పెట్టుకుంటే దారం రంగు కూడా మారుతుందా అల్లుడుగారూ?"

బావ తల దించుకున్నాడు. "అత్తయ్యా, ఎవరికీ చెప్పకండి."

"ఏం చెప్పకూడదు?"

జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. లోపల కళ్ళజోడు. "చత్వారం వచ్చిందన్నాడు డాక్టరు. దూరంవి బాగానే కనబడతాయి. దగ్గరివే మసక."

"అద్దాలున్నాయిగా మరి! పెట్టుకోవడానికేం?"

"షెడ్డులో పెట్టుకుంటే పెద్ద మేస్త్రీ పక్కన ఇంకో స్టూలు వేస్తారు."

ఆ మాటకు నాక్కూడా జోకు రాలేదు. పెద్ద మేస్త్రీ మా బావకు పని నేర్పిన వెల్డరు. చూపు తగ్గిందని ఆయన్ను తీసుకెళ్ళి గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు. లోపల మెరుపు మెరిసినప్పుడల్లా ఆయన స్టూలు మీదనుంచి మెడ చాచి చూస్తాడు. బావ రోజూ ఆయన ముందునుంచే లోపలికి రావాలి.

"మరి ఇన్నాళ్ళూ పనెలా చేస్తున్నారు?" అడిగింది పిన్ని.

"మాస్కు ఎత్తేసి, ముఖం బాగా దగ్గరగా పెట్టి చూస్తున్నా."

"లోపల గాగుల్స్?"

"అవి ఉంటే ఇంకా మసక. తీసేస్తున్నా."

వెల్డింగ్ చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అతుకు వేశాక దానిమీద నల్లటి పెచ్చు కడుతుంది. అది వేడిగా ఉండగానే చిన్న సుత్తితో కొట్టి ఊడగొట్టాలి. నల్లద్దాల మాస్కులోంచి ఆ పెచ్చు కనబడదు కాబట్టి ప్రతి వెల్డరూ మాస్కు ఎత్తి కొడతాడు. పెనంమీది జొన్నగింజలా అది ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అందుకే మాస్కు కింద తెల్లద్దాల గాగుల్స్ ఉండాలి. మా బావ వట్టి కళ్ళతో, దానికి ముద్దుపెట్టేంత దగ్గరగా వంగి కొడుతున్నాడన్నమాట.

"అల్లుడుగారు కాబట్టి మర్యాదగా అడుగుతున్నాను," అంది పిన్ని. "మీకు బుద్ధుందా?"

వాతావరణం తేలిక చేద్దామని నేను, "బావా, మా అక్కకి నీకంటే ముందే చత్వారం వచ్చుంటుంది. లేకపోతే పెళ్ళిచూపుల్లో నిన్నెలా..." అన్నాను.

"నోర్ముయ్ రా బామ్మర్దీ," అన్నాడు బావ.

పిన్ని ఆయన ముఖానికి కళ్ళజోడు పెట్టి, దానిమీద గాగుల్స్ తొడిగి చూసింది. కళ్ళజోడు కాడలు అడ్డుపడి కణతల దగ్గర సందు మిగిలింది. "నా చిటికెన వేలు దూరుతోంది. వేలు దూరినచోట పెచ్చు దూరదా? వీటిమీద పట్టే పెద్దరకం తెప్పించాలి. అంటే సూపర్‌వైజర్ గారికి చెప్పాలి."

"వద్దు అత్తయ్యా. పని పోతుంది."

"నేను చెప్పను. మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను."

మర్నాడు అలాగే నిలబడింది, మెడలో టేపుతో సహా. బావ నట్లు మింగుతున్నవాడిలా చెప్పాడు. సూపర్‌వైజర్ గారు ఎదురుగా ఉన్న డ్రాయింగు పక్కన పెట్టి, ముక్కుమీది కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చూపు సరిగ్గా లేని మనిషికి నిప్పు చేతికివ్వమంటావా పిన్నీ?" అన్నారు.

"మీరు కళ్ళజోడు పెట్టుకుని డ్రాయింగు చూస్తే అనుభవం. ఆయన పెట్టుకుంటే ముసలితనమా సార్?"

ఆయన చేతిలోని కళ్ళజోడు వంక చూసుకున్నారు. "అతుకు చూశాకే మాట్లాడతాను," అన్నారు.

మాస్కు కింద కళ్ళజోడుతో బావ రెండు పైపులు కలిపాడు. నేను పక్కనే ఉన్నాను, నా గుండె గ్రైండరుకంటే గట్టిగా తిరుగుతోంది. ఆయన పని పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో అని కాదు, పని పోయిన బావను గేటు దగ్గర స్టూలుమీద రోజూ దాటి వెళ్ళాలే అని. సూపర్‌వైజర్ గారు అతుకు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపారు.

"ఇన్నాళ్ళూ గుడ్డిగా వేసినవే బాగున్నాయనుకున్నాను," అన్నారు. "పిన్నీ, ఆ పెద్దరకం గాగుల్స్ ఏవో తెప్పించుకో."

అవి వచ్చాయి. పిన్ని వెడల్పాటి పట్టీ కుట్టి, కణతల దగ్గర చిటికెన వేలు పెట్టి చూసింది. దూరలేదు. ఆ పొద్దున బావ వరసలో ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు, దానిమీద గాగుల్స్, చేతిలో నల్లదారం. మొదటిసారికే ఎక్కించి, గెలిచిన కప్పులా సూదిని పైకెత్తి చూపించాడు. అప్పుడు వరసలో వెనకనుంచి ఇంకో ఇద్దరు మెల్లగా జేబుల్లోంచి కళ్ళజోళ్ళు తీశారు. "మాకూ ఆ పెద్దరకం కావాలి పిన్నీ," అన్నారు.

ఆ తర్వాత చాన్నాళ్ళకు, మెట్ల కమ్మీ అతుకుతున్నప్పుడు, సుత్తి దెబ్బకు ఒక పెచ్చు లేచి బావ గాగుల్స్‌కు తగిలింది. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఆయన ఆ అద్దం ఊడదీసి ఇంటికి తెచ్చాడు. సరిగ్గా కంటిపాప ఎదురుగా గుంట పడి, అంచులు కాలి ఉన్నాయి. మా అక్క ఆ గుంటలో గోరు పెట్టి చూసింది. తర్వాత అద్దం పక్కన పెట్టి, బావ ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఒక కన్నూ మరో కన్నూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది. రోజూ ఆయన్ను గంట తిట్టే మనిషి ఆ పూట తిట్లు మర్నాటికి వాయిదా వేసింది.

నేను కోతలు కోస్తానని అందరికీ తెలుసు. ఇది కోత కాదు: మా అక్క ఇవాళ ఆయన రెండు కళ్ళల్లోకీ చూసి తిట్టగలుగుతోందంటే అది పిన్ని చలవే. ఆ రుణం మా ఇంట్లో ఎవరమూ తీర్చలేం. అందుకే కనబడినవాళ్ళందరికీ చెబుతుంటాను. పెచ్చు తుపాకీ గుండులా దూసుకొస్తుంటే పిన్ని షెడ్డు ఆ చివర నుంచి ఒక్క గెంతు గెంతి, గాల్లో ఉండగానే బావ ముఖానికి గాగుల్స్ తగిలించి, కింద దిగేసరికి పట్టీ కూడా బిగించేసిందని.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. గాగుల్స్ పట్టీ కుడుతూ చివరిదాకా వింది. దారం పంటితో తెంపి చెప్పింది:

"ఆ రోజు నేను పనిలోకే రాలేదు. పన్ను నొప్పి, ఇంట్లో పడుకున్నాను. గాగుల్స్ ఆయనే పెట్టుకున్నారు."