జ్వరం మిషన్

రెజిమెంటల్ బజార్‌లోని తన ఇంట్లో ఉద్యోగస్తుల పిల్లల్ని చూసుకునే జ్ఞానమణి, పొద్దున్నే జ్వరం చూసే మిషన్ పట్టుకుని గేటు దగ్గర పోలీసులా నిలబడుతుంది. ముక్కు కారే పిల్లకు కూడా లోపలికి దారి లేదు. ఆఫీసుకు ఆలస్యమవుతోందని తల్లి బతిమాలినా కరగదు.

"తగ్గినంక తోల్కరాండ్రి. రూలంటే రూలే."

మొన్న సోమవారం, ఆమె నాలుగేళ్ల మనవరాలు, నోటినిండా పళ్లున్న హదస్సాకు ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఆ నుదుటికి మాత్రం మిషన్ పెట్టలేదు.

"పళ్లొస్తున్నయంతే," అంటూ పిల్లలందరి మధ్య చాప మీద కూర్చోబెట్టి, ఒకే గ్లాసుతో అందరికీ నీళ్లు తాగించింది.

వారం తిరక్కుండానే పిల్లలంతా మంచాన పడ్డారు. తల్లులు ఫోన్లు చేస్తే జ్ఞానమణి పెద్దగా నిట్టూర్చింది.

"మీ ఇండ్లల్ల జెర శుభ్రం చూస్కోండ్రమ్మా. పాపం, మా హదస్సాకు సుత మీ పిల్లల నుంచే అంటింది."