పచ్చి సున్నం మీది చార

సుబ్బయ్యశెట్టి గారి కుక్క మునసబు గారి మేకలను చంపలేదు. చంపిందని చెప్పి కాల్చేశారు. ఈ మాట నేను ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాను. ఇవాళ పొరుగింటి గోడకు వేస్తున్న సున్నం వాసన ముక్కుకు తగిలేసరికి, అనడం చాలదు, రాసి పెట్టాలనిపించింది.

శెట్టిగారికి ద్రాక్షారామం దారిలో, కాలువ ఒడ్డున ధాన్యం కొట్టు ఉండేది. నేనక్కడ కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. బడి ముఖం ఎరగని నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. కాలువ పనులు చూసిన దొర ఒకడు సీమకు పోతూ తన కుక్కను ఆయనకు వదిలిపోయాడు. గోధుమరంగు ఒళ్లు, వెడల్పాటి తల, వేలాడే పెదవులు, లోతైన రొమ్ము. శెట్టిగారింట మాంసం ఊసు లేదు గనుక పాపం పెరుగన్నంతోనే బతికింది. "పెద్ద జాతి కుక్క ఊరికే మొరగదురా. నమ్మినవాళ్లకు ఒళ్లంతా ఆనించి నిలబడుతుంది, అంతే," అనేవారాయన. ఒకసారి దాని ఎత్తు తల దగ్గర కొలవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "మూపు దగ్గర కొలవాలి. తలెత్తితే ఎవడైనా పొడుగ్గానే కనబడతాడు." మూపు దగ్గర అది మూరన్నర. ఆ జాతికి అదే సరైన ఎత్తని దొర చెప్పాడట.

ఒక ఏడాది మునసబు గారి దొడ్డిలో మేకలు చచ్చిపడ్డాయి. ఒంటి మీద గాట్లున్నాయి గాని, ఎక్కడా నెత్తురు చుక్క లేదు. బతికినవి ఒక మూలకు ఒదిగి, అరవడం మరిచిపోయినట్టు నిలబడ్డాయి. దొడ్డిగోడకు ముందురోజే సున్నం వేశారు. ఆ పచ్చి సున్నాన్ని ఏదో ఒరుసుకుంటూ పోయింది. గోడ పొడుగునా ఒకే ఎత్తులో చార, అందులో అంటుకున్న నల్లటి వెంట్రుకలు. కింద బురదలో పంజా గుర్తు. నా అరచెయ్యి చాపి పెడితే చుట్టూ ఇంకా చోటు మిగిలింది.

"శెట్టిగారి కుక్కకి పెరుగన్నం మొహం మొత్తిందండి," అన్నాడు తలారి. కొందరు నవ్వారు. శెట్టిగారు కుక్కను తెచ్చారు. అది ఆ గోడ దగ్గరకు రానని కాళ్లు బిగబట్టింది. ఎలాగో లాక్కొచ్చి నిలబెడితే, మూపు సంగతి అలా ఉంచండి, ఎత్తిన తల కూడా చారకు అందలేదు.

"చూడండి మునసబుగారూ. ఇదెక్కడ, ఆ చారెక్కడ?"

"ఎగిరుంటుందండి."

"ఎగిరితే ఇంత తిన్నగా వస్తుందాండి? ఒక్కసారి గోడకేసి చూడండి."

మునసబు గారు చూడలేదు. తుపాకీ తెమ్మన్నారు. శెట్టిగారి తొడకు ఆనుకుని నిలబడ్డ కుక్కను విడదీయడానికి ఇద్దరు కావలసివచ్చింది. మధ్యాహ్నంలోగా గోడకు మళ్లీ సున్నం కొట్టించారు.

మర్నాడు పొద్దున ఆ కొత్త సున్నం మీద చార మళ్లీ ఉంది. ఇంకాస్త పైన. ఊరంతా చూసింది, ఎవరి దారిన వాళ్లు పోయారు. శెట్టిగారు మూరవేసి కొలిచి, "పెరుగుతోందిరా," అన్నారు మెల్లగా. మళ్లీ కుక్కను పెంచలేదాయన. ఎవరినైనా తప్పుపట్టే ముందు కొలిచి చూడాలన్న బుద్ధి ఆయన పెట్టిందే, ఇప్పటికీ నన్ను వదల్లేదు. పోయేముందు ఆయన నాతో అన్న మాట ఒకటే. "మునసబు గారు గోడకేసి ఎందుకు చూడలేదో అడుగు."

అడిగాను. చావడి దగ్గర, రేవులో, పెళ్లిపందిట్లో అడిగాను. మునసబు గారు ప్రతిసారీ మొహం తిప్పుకునేవారు. చివరికి మంచాన పడ్డాక ఆయనే నన్ను పిలిపించారు.

"అది శెట్టిగారి కుక్క కాదని నాకా పొద్దున్నే తెలుసయ్యా. కాదంటే, మరేంటని ఊరంతా నన్నే అడుగుతుంది. ఏం చెప్పమంటావు?"