రంగు అనకూడని ఇల్లు

మా ఇంట్లో చేతికి పెట్టుకుంటే గోరింటాకు, తలకు పూసుకుంటే మెహందీ. మొదటిది ఆడపిల్లల ముచ్చట, రెండోది మా ఆయన వ్యవహారం. నెలకోసారి పెరట్లో కూర్చుని, నల్లపొడి ప్యాకెట్టు విప్పి, పాత బ్రష్షుతో తలకూ మీసాలకూ పట్టించే ఆ పనిని ఆయన ఏనాడూ రంగు అనలేదు. రంగు పూసుకునేది నాటకాల వాళ్ళట. తనది మెహందీ, తలకు చలవట. చలవ మీసాలకెందుకని ఒకసారి అడిగితే ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. దిండు గలీబులకు నల్లమరకలు పడితే తలనూనె మరకలనేవాడు. నల్లనూనె ఏ గానుగలో ఆడిస్తారో అడగాలనిపించేది కానీ, ఇంకో రోజు మౌనవ్రతం భరించలేక ఊరుకునేదాన్ని.

ఆయన జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీకి పనివాళ్ళను తీసుకుపోయే బస్సు నడుపుతాడు. ఆయనను పనిలో పెట్టుకున్నది ఫ్యాక్టరీ కాదు, కాంట్రాక్టరు. ఏడాదికోసారి డ్రైవర్లందరినీ పిలిచి ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేలుస్తాడు. పోయినసారి ఇంటికి పంపిన ఇద్దరి తలలూ తెల్లగా ఉండేవి. అందుకే పంపాడని ఎవరూ చెప్పలేదు, కానీ మా ఆయన బుర్రలో అది నాటుకుపోయింది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకెవరూ బస్సు తాళాలు చేతికివ్వరు. ఆ భయం నాకూ ఉంది కాబట్టి మెహందీకి అడ్డు చెప్పలేదు.

ఈ ఏడాది పిలుపు దగ్గర పడుతోందనగా కొత్త ప్యాకెట్టు ఏదో తెచ్చాడు. పూసుకున్న మర్నాడే నుదుటిమీద దద్దుర్లు, చెవుల వెనక దురద. ప్రొద్దుటూరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. తలకు ఏమైనా పూశారా అని డాక్టరు అడిగాడు.

"ఏం లేదు సార్, మెహందీ అంతే," అన్నాడు మా ఆయన.

పక్కన కూర్చుని నేనూ తలూపాను. ఇన్నేళ్ళూ విని విని నాకూ అది మెహందీయే అయిపోయింది. మెహందీతో ఏమీ కాదులెమ్మని డాక్టరు మాత్రలు రాసి, కొన్నాళ్ళు వంకాయ, గుడ్డు, చేపలు మానమన్నాడు. ఇక రోజూ పప్పు, రోజూ చారు, రోజూ సణుగుడు. దద్దుర్లు తగ్గాయి. తప్పంతా వంకాయదేనని ఆయన తేల్చుకుని, మొదటిసారి సరిగా అంటలేదంటూ మిగిలిన మెహందీ మళ్ళీ పట్టించాడు.

తెల్లారేసరికి ముఖం పూరీలా పొంగింది. రెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. గోడ పట్టుకుని బాత్రూముకు పోవాల్సి వచ్చింది. ఆ స్థితిలోనే కాంట్రాక్టరుకు ఫోను చేసి, కండ్లకు బాగలేదు, నాలుగు రోజులు రాలేనన్నాడు. ఈసారి మెహందీ అన్న మాట కూడా మింగేశాడు. బస్సు నడిపేవాడు కండ్లకు బాగలేదంటే వినేవాళ్ళకు ఏమర్థమవుతుందో ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

రెండోసారి డాక్టరు దగ్గరికి ప్యాకెట్టు కూడా తీసుకుపోయాను. డాక్టరు దాన్ని వెనక్కి తిప్పి చదివి, మమ్మల్ని ఎగాదిగా చూశాడు. ఇది మెహందీ కాదు, రంగు, ఆకు బొమ్మ అట్టమీద ఉంది కానీ నలుపు మాత్రం మందుది అన్నాడు. ఆ మందు పేరు కింద పెన్నుతో గీత గీసి, ఒకసారి పడని ఒంటికి ఇది ఎప్పటికీ పడదు, ఏది కొన్నా ముందు ఈ పేరు లేదని చూసుకోండి అన్నాడు. రంగని మొదటే చెప్పుంటే ఇంతదాకా వచ్చేదా అని విసుక్కున్నాడు కూడా. మా ఆయన వాచిన ముఖాన్ని గోడవైపు తిప్పుకున్నాడు. వాచిన ముఖాన్ని పట్టుకుని ఏం తిడతాను? వాపు తగ్గాక తిడదామని దాచుకున్నాను.

అప్పటినుంచి రంగు ఎంచడం నా నెత్తిన పడింది. ప్రొద్దుటూరు బజారులో ఒక అంగడివాడు నా ముందు పొడులు, క్రీములు, తలస్నానం చేస్తే చాలు నల్లబడుతుందనే షాంపూలు వరుసగా పేర్చాడు. అన్నీ నేచురలేనక్కా అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కదాని వెనక చీమతలకాయంత అక్షరాలు వెతికాను. ఆకులు, పూలు, ఉసిరికాయల బొమ్మలు దాటుకుని చివరికి పోతే ప్రతిదాంట్లోనూ డాక్టరు గీత గీసిన పేరే. నా వెనక నిలబడినవాళ్ళు గొణుగుతున్నారు. ఏందక్కా, తలకు పూసేదానికి పరీక్ష రాస్తాండావా అని అంగడివాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పులివెందులలో ఉన్న మా ఆడబిడ్డ ఫోనులో కాఫీపొడి పట్టించమంది. పట్టించాను. గలీబు రంగు మారింది, తల మారలేదు. చివరికి మూలికలమ్మే కొట్టులో ఉట్టి గోరింటాకు పొడి, నీలిచెట్టు ఆకు దంచిన నీలాకు పొడి దొరికాయి. ముందు చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు ఆగుదామంటే మా ఆయన ఆగడు. పిలుపు నెత్తిమీదికొచ్చిందని గోల. కసిరి కూర్చోబెట్టాను. ఏమీ కాలేదని చూసుకున్నాకే గోరింటాకు పెట్టాను. తల ఎర్రగా తేలింది. అద్దం చూసుకుని ఆయన నా మీదే కేకలేశాడు. మళ్ళీ కసిరి, దానిమీద నీలాకు పట్టించాను. కొంచెం పచ్చగా మొదలై, మర్నాటికి నల్లబడింది. ముఖం వాయలేదు. నేను గెలిచాననుకున్నాను.

పిలుపు రోజున ఎర్రగుంట్లలో మా చెల్లెలి ఇంటికి పోయే పని ఉండి, బండి వెనక నేనూ కూర్చున్నాను. కాంట్రాక్టరు ఆఫీసు ఒక రేకుల గది. లోపల బెంచీ నిండా డ్రైవర్లు, నేను వాకిలి దగ్గర. కాంట్రాక్టరు మా ఆయనకంటే చాలా చిన్నవాడు, తల తారులా నిగనిగలాడుతోంది. మా ఆయన జుట్టు వంక అతను చూడనైనా లేదు.

"మామా, కండ్లకు బాగలేదని బస్సు నిలబెడితివి. అంతమందిని ఎక్కించుకునే పని. ఈసారికి ఇంటికాడ ఉండు," అన్నాడు.

మా ఆయన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. నోట్లో ఒక్క మాట ఉంది, అది బయటికి వస్తే పని నిలుస్తుంది. రావడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనే చెప్పేద్దామని గడప దాటాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"కండ్లు బాగుండాయన్నా," అన్నాడు. "ఎంటికలకు రంగు పూసుకుంటి. అది పడక మొగం వాచింది."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. కాంట్రాక్టరు చెయ్యి మెల్లగా తన చెవి వెనక్కి పోయి గోక్కుంది.

"నేను పూసేది మెహందీ కదా మామా?"

"రంగే అన్నా," అన్నాడు మా ఆయన.

అతను చెవి గోక్కుంటూనే, సోమవారం నుంచి బస్సు ఎక్కమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు, దాచుకున్న తిట్లు బయటికి తీశాను. ఈ ముక్క డాక్టరు దగ్గరే చెప్పుంటే ఇన్ని పాట్లు ఎందుకని నిలదీశాను.

"ఆడ నువ్వుంటివి గదా," అన్నాడు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

"ఈడ గూడా ఉంటి గదా."

"ఈడ చెప్పకుంటే బస్సు పోతాండె."

ఇన్నేళ్ళ కాపురంలో నా ఒక్కదాని ముందర సిగ్గుపడి ఇంత చేశాడా అనుకుంటే కోపమూ జాలీ ఒకేసారి ముంచుకొచ్చాయి. తిట్లు సగంలో ఆగిపోయాయి. ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాను.

"ఇంటికి పోయినాక ఆ నూనె మరకల గలీబులు నువ్వే ఉతుకుదువు, పద," అన్నాను.